రెండు వేళ్ల లూజు

టైలరమ్మ దుకాణం మూసేసి అప్పటికి ఏడు నెలలైంది. మిషనును ఇంట్లో కిటికీ పక్కకు చేర్చి, ఆరోగ్య కార్యకర్తల నీలం కోటు తొడుక్కుని వార్డంతా తిరుగుతున్నా సరే, ఎదురైన వాళ్లు "టైలరమ్మా, ఈ జిప్పు కాస్త చూడు" అనే అనేవాళ్లు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇరవై రెండేళ్లు చేతికి పట్టిన పని కూడా అలాంటిదే. అది చేతిలో ఉన్న సంగతి మనిషికి గుర్తుండదు, అంతే తేడా.

ఆ నెలలో కార్యకర్తలందరికీ షుగరు రాకుండా ఆపడం గురించి మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఆరోగ్య కేంద్రం మేడ మీద పొడుగాటి గది. ముప్ఫై ఆరు మంది మనుషులు, రెండు ఫ్యాన్లు. అందులో ఒకటి తిరిగేది, రెండోది చప్పుడు చేసేది. శిక్షణ ఇచ్చే సారు సన్నగా, చేతిలోని బెత్తం కంటే కాస్త లావుగా ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఫారంలో గడి లేని విషయం లోకంలో లేదని గట్టిగా నమ్మేవాడు.

ఆయన బోర్డు మీద నాలుగు ప్రశ్నలు రాశాడు. వయసెంత, నడుం చుట్టుకొలత ఎంత, ఒళ్లు వంచే పని ఎంత, అమ్మానాన్నలకు షుగరు ఉందా. ఒక్కోదానికి కొన్ని మార్కులు. అరవై వస్తే ప్రమాదం ఉన్నట్టు, వేలికి సూది గుచ్చి రక్తం చూడాలి.

"మార్కులు ఎంత తక్కువొస్తే అంత మంచిది. ఇది జనానికి బాగా చెప్పండి" అని సారు పదిసార్లు అన్నాడు. పదిసార్లు చెప్పినా జనం చెవికెక్కని ముక్క అదొక్కటే అయింది.

రెండో రోజు నడుం కొలవడం నేర్పడానికి ఒక ప్లాస్టిక్ బొమ్మను తెచ్చి బల్ల మీద నిలబెట్టారు. దానికి తల లేదు, చేతుల్లేవు, బొజ్జ మాత్రం శ్రద్ధగా చేశారు. అడుగున 'నడుం 86' అని అచ్చేసి ఉంది.

"చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ సరిగ్గా మధ్యలో. ఊపిరి వదిలాక. టేపు ఒంటికి ఆనాలి, నొక్కుకోకూడదు" అన్నాడు సారు.

ఒక్కొక్కరే వచ్చి కొలిచారు. ఎనభై ఐదు, ఎనభై ఆరు, ఎనభై ఏడు. టేపుతో కుస్తీ పట్టారు, జారవిడిచారు, తలకిందులుగా పట్టి చదివారు. ఆఖరికి టైలరమ్మ వంతు వచ్చింది. టేపు ఆమె మెడ మీంచి జారి, బొమ్మ చుట్టూ ఒక్క విసురున తిరిగి, కొస వచ్చి చేతిలో పడింది. కుడిచేతి వేళ్లు రెండు టేపు లోపలికి వాటంతటవే దూరాయి. కూర్చున్నప్పుడూ, కడుపునిండా తిన్నాకా, పగలబడి నవ్వినప్పుడూ బట్ట పట్టెయ్యకుండా దర్జీలు విడిచే లూజు అది. చిన్నప్పుడు పని నేర్పిన మాస్టరు స్కేలుతో కొట్టి మరీ నేర్పాడు. ఆ వేళ్లు అక్కడున్నాయని బొమ్మకు తెలియనట్టే ఆమెకూ తెలియదు.

"తొంభై ఒకటి సార్."

సారు బొమ్మ అడుగున చూశాడు, ఆమె చేతులు చూశాడు. అంత వాటంగా టేపు పట్టిన చెయ్యి ఆయన సర్వీసులో చూడలేదు. "ఈ చెయ్యి తప్పు కొలవదు. బొమ్మే వానలకి గోడౌన్లో చెమ్మెక్కి ఉబ్బుంటుంది" అని తేల్చాడు.

"ప్లాస్టిక్ ఉబ్బుతుందా సార్?" అని తల నెరిసిన ఒకావిడ అడిగింది.

"మీరు నోట్సు రాసుకోండమ్మా" అన్నాడు సారు. నల్ల మార్కరుతో 86 కొట్టేసి, పైన 91 అని రాసి సంతకం పెట్టాడు. మిగతా ముప్ఫై ఐదుగురినీ తొంభై ఒకటి వచ్చేదాకా మళ్లీ కొలవమన్నాడు. టీ చల్లారిపోతుందని వాళ్లు టేపు వదులు చేసి తొంభై ఒకటి తెప్పించేసి వెళ్లిపోయారు. టైలరమ్మకు మొదటి బహుమతి వచ్చింది. సారు ఆమెను "మేడమ్" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆమెను మేడమ్ అన్న మొదటి మనిషి ఆయనే. ఆ మాట ఆమెకు ఇంటిదాకా దారిపొడుగునా వినిపిస్తూనే ఉంది.

తర్వాతి వారం సర్వే మొదలైంది. వార్డులో పెద్దవాళ్లు మూడు వందల పన్నెండు మంది. టైలరమ్మ ముందు పొట్ట బిగపట్టాలని ఎవరికీ తోచలేదు. ఇన్నేళ్లుగా కొలతలిచ్చిన మనిషే కదా, అందరూ ధారాళంగా వదిలేశారు. పైన ఆమె రెండు వేళ్లు ఉండనే ఉన్నాయి. అందరికీ మార్కులు దండిగా పడ్డాయి.

బేకరీ ఆయనకు డెబ్బై వచ్చాయి. ఆయన కార్డును రెండు చేతులా పట్టుకుని, "డెబ్బయ్యా! బళ్లో నాకు ముప్ఫై ఐదు దాటి ఎరగను టైలరమ్మా. మా నాన్న చూసుంటే ఎంత సంతోషపడేవాడో" అని కళ్లు తుడుచుకున్నాడు. తక్కువొస్తే మంచిదని ఆమె చెప్పబోయింది. ఆయన అప్పటికే కార్డుకు ప్లాస్టిక్ కవరు వేయించి గల్లాపెట్టె పైన తగిలిస్తున్నాడు. యాభై ఐదు వచ్చినవాళ్లు మళ్లీ కొలవమని వెంటపడ్డారు.

సర్వేలో చిట్టచివరి ఇల్లు అక్క వాళ్లది.

అక్క గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లమ్మకు షుగరు. ముందు కాలి వేలు పోయింది, తర్వాత పాదం పోయింది, తర్వాత అమ్మే పోయింది. అప్పుడు టైలరమ్మకు తొమ్మిదేళ్లు, అక్కకు పంతొమ్మిది. చెల్లెలికి జడ వేసింది, చదివించింది, చదువు అంటలేదని కుట్టుమిషను కొనిచ్చింది, మొదటి గౌను తనే కుట్టించుకుంది అక్క. అప్పటికి ఆమె నడుం ముప్ఫై రెండు అంగుళాలు. తర్వాత అది పెరగడం మొదలెట్టింది గానీ, టైలరమ్మ కొలతల పుస్తకంలో మాత్రం పెరగలేదు. ఏటా అక్క చేతులెత్తి నిలబడేది, టైలరమ్మ టేపు చుట్టి "ముప్ఫై రెండు" అని పైకి చదివేది, అలాగే రాసేది, కత్తెర దగ్గర మాత్రం ఉన్న కొలతకే, ఈమధ్యన ముప్ఫై ఎనిమిదికి, కత్తిరించేది. గౌను అతికినట్టు సరిపోయేది. "నా ఒళ్లు మారదే" అనేది అక్క. ఈ ముచ్చట ఇరవై ఏళ్లుగా నడుస్తోంది.

ఆ రోజూ అంతే. అక్క చేతులెత్తింది, టేపు తిరిగింది, టైలరమ్మ అంకె చూడనైనా చూడలేదు. నోరు "ముప్ఫై రెండు" అంది, చెయ్యి దాన్ని సెంటీమీటర్లలోకి మార్చి సర్వే రిజిస్టరులో 81 రాసింది. వయసుకు ముప్ఫై, అమ్మకు పది, నడుముకు పది. రోజంతా పనేనని అక్క చెప్పింది గనక దానికి సున్నా. మొత్తం యాభై. కార్డు మీద కొలతలుండవు, మార్కులొక్కటే ఉంటాయి. అక్క ఆ యాభైని అద్దం అంచున దోపింది.

రిపోర్టు చూసి పై ఆఫీసు అదిరిపడింది. పక్క వార్డుల్లో నలభై మంది, యాభై మంది ఉంటే, ఈ ఒక్క వార్డులో అరవై, ఆపైన వచ్చినవాళ్లు రెండు వందల డెబ్బై ఒక్కరు. వీధి మొదట్లో 'తీవ్ర ప్రమాద ప్రాంతం' అని ఎర్ర బోర్డు పాతారు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకునేవాళ్లు. రెండు వందల డెబ్బై ఒక్క వేళ్లకు సూదులు గుచ్చారు. తొమ్మిది మందికి షుగరు బయటపడింది, వాళ్లకు మందులిచ్చారు. మిగతావాళ్ల రక్తం మాత్రం లక్షణంగా ఉంది.

ఇది శిక్షణ సారుకు మింగుడు పడలేదు. రెండు రోజులు ఆలోచించి, "ఇంత ప్రమాదంలో ఉండి కూడా షుగరు కనపడట్లేదంటే, అది లోపల దాక్కుందన్నమాట. లక్షణాలు లేకపోవడమే ఇక్కడ ముఖ్య లక్షణం" అని రిపోర్టు రాశాడు. పై ఆఫీసు మెచ్చుకుని, అరవై, ఆపైన వచ్చినవాళ్లంతా సాయంత్రం ఐదింటి నుంచి ముప్పావుగంట నడవాలని ఆర్డరు వేసింది.

ఆ వీధి పొడుగు రెండు వందల అడుగులు. చివర గోడౌను గోడ. అందులో రెండు వందల డెబ్బై ఒక్కరు ఒకేసారి నడవాలి. నేల మీద బాణాలు గీశారు, గోడ దగ్గర తిరిగేటప్పుడు చెయ్యి చాపి సైగ చెయ్యమన్నారు, పరుగెత్తినవాళ్లకు విజిలేశారు. పోస్టుమాన్ పొద్దుటినుంచీ నడిచే మనిషేనని ఎంత మొత్తుకున్నా వినలేదు. దాంతో అతను తెలివిగా ఉత్తరాలు అక్కడే, ఎదురొచ్చినవాళ్లకు పంచేయడం మొదలెట్టాడు. ఇంటింటికీ తిరగడం తప్పి, వార్డు మొత్తంలో నడక తగ్గినవాడు అతనొక్కడే అయ్యాడు.

ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. యాభై మార్కుల అక్క నడవక్కర్లేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుని, పక్కన నీళ్ల కూజా పెట్టుకుని, "ఎడమ పక్క! బేకరీ ఆయనా, ఎడమ పక్క!" అని పైనుంచి ట్రాఫిక్ నడిపేది. మధ్యమధ్యలో గ్లాసుడు నీళ్లు తాగేది. ముప్పావుగంటలో కూజా ఖాళీ అయ్యేది.

రెండో వారం బేకరీ ఆయన నడకకని కొత్త ప్యాంటు గుడ్డ తెచ్చి, "కొలతెందుకు, రిజిస్టరులో ఉందిగా" అన్నాడు. టైలరమ్మ మొహమాటానికి ఒప్పుకుంది. రిజిస్టరు తీసి, అందులోని అంకెకు అలవాటు ప్రకారం లూజు కలిపి కుట్టిచ్చింది.

మర్నాడు సాయంత్రం గోడౌను గోడ దగ్గర ఆయన చెయ్యి చాపి సైగ చేస్తూ తిరిగాడు. చెయ్యి తీసిన మరుక్షణం ప్యాంటు కిందికి దిగిపోయింది. వెనక నడుస్తున్న జనం ఆగిపోయారు. తర్వాత ఎవరో, "పది రోజుల్లో ఎంత కరిగిపోయాడో చూడండి!" అన్నారు. వీధంతా చప్పట్లు. బేకరీ ఆయన ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో అందరికీ అభివాదం చేశాడు.

చప్పట్లు కొట్టనిది టైలరమ్మ ఒక్కతే. పది రోజుల్లో కరిగేది ఎంతో, నాలుగంగుళాలంటే ఎంతో ఆమెకు తెలుసు. ఇంటికెళ్లి తలుపేసుకుని, కుర్చీ వీపుకు టేపు చుట్టి, తన చేతులను తనే పరాయివాళ్ల చేతుల్లా చూసింది. కుడిచేతి వేళ్లు రెండూ టేపు లోపల హాయిగా కూర్చుని ఉన్నాయి. లూజున్న కొలతకు మళ్లీ లూజు కలిపి కుట్టింది. వార్డు మొత్తాన్ని రెండంగుళాల మేర లావు చేసిన మహాతల్లి తనే.

చెబుదామనుకుంది. కానీ చెబితే నీలం కోటు పోతుంది, మేడమ్ అన్న మాట పోతుంది. నడిస్తే ఎవరికి నష్టం అని తనకు తనే సర్దిచెప్పుకుంది. మూడు నెలలు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని జనం వెంట తనూ నడిచింది.

మూడు నెలలయ్యాక శిక్షణ సారు స్వయంగా వచ్చి, వేళ్లు పెట్టకుండా నడిచినవాళ్లందరి నడుములూ కొలిచాడు. నిజంగా తగ్గినవాళ్లు కొందరున్నారు. మిగతా అందరూ, ఒక్కరు తప్పకుండా, సరిగ్గా రెండంగుళాలు తగ్గారు. పై ఆఫీసులో ఫోన్లు మోగాయి. అద్భుతం చేసిన కార్యకర్తకు పతకం ఇస్తారనీ, ఇకమీదట మిగతా వార్డులకు ఆమే శిక్షణ ఇస్తుందనీ కబురొచ్చింది.

ఆ కబురు చెప్పడానికి అక్క దగ్గరికి వెళ్లింది టైలరమ్మ. అక్క బక్కెట్లో కాళ్లు పెట్టుకు కూర్చుంది. ఎడమ కాలి బొటనవేలి పక్కన రూపాయంత పుండు.

"ఏమైందక్కా?"

"కొత్త చెప్పు కరిచిందే."

"ఎప్పుడు?"

"నెల దాటింది. మానట్లేదు వెధవది. నొప్పి కూడా లేదులే" అంటూ అక్క గ్లాసు నీళ్లు గటగటా తాగి ఇంకో గ్లాసు నింపుకుంది.

టైలరమ్మకు అమ్మ కాలు కళ్ల ముందుకొచ్చింది. రిజిస్టరులోని 81 అన్న అంకె అప్పుడు గుర్తొచ్చింది. అందరికీ రెండు వేళ్లు కలిపిన చెయ్యి, ఒక్క అక్క దగ్గర ఆరంగుళాలు కోసేసింది. ఊళ్లో రోగం లేనివాళ్లందరినీ నడిపించి, నడవాల్సిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టింది.

"రేపు రక్తం చూపిద్దాం అక్కా."

"నాకెందుకే? నాకు యాభై."

"కొలతలో తేడా ఉందేమో..."

"ఇరవై ఏళ్లు కొలిచినదానివి, నీకు తేడా వస్తుందా? నా కార్డు నువ్వే రాశావు. కాదంటే మీ పుస్తకంలో దిద్ది పట్టుకురా, అప్పుడొస్తా" అని అక్క కాలు తుడుచుకుని లేచింది. పరీక్షలంటే అక్కకు భయమని, అమ్మ పోయినప్పటినుంచీ ఆస్పత్రి గుమ్మం తొక్కలేదని టైలరమ్మకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే శిక్షణ సారు బల్ల ముందు నిలబడింది. "సార్, ఒక వరస దిద్దాలి. అక్క నడుం నేను తక్కువ రాశాను."

సారు రిజిస్టరు కూడా తెరవలేదు. "తగ్గిన నడుం రాయడానికి ఫారం ఉంది మేడమ్. పెరిగిన నడుం రాయడానికి లేదు. అరవై లేని వేలికి సూది గుచ్చడానికి నాకు అధికారం లేదు."

"మరి దారి?"

ఆయన తల గోక్కుని ఒక కాగితం తీశాడు. ఎల్లుండి సభ కార్యక్రమం. "తొమ్మిదో అంశం చూడండి. 'అభ్యంతరాలు.' పతకం ఇచ్చే ముందు అడుగుతారు. అక్కడ అభ్యంతరం చెబితే రిజిస్టరు మొత్తం మళ్లీ తెరవాలి. కానీ నా ఇరవై ఏళ్ల సర్వీసులో అక్కడ నోరు తెరిచినవాళ్లు లేరు. అయినా మేడమ్, మీ పతకానికి మీరే అభ్యంతరం చెప్పుకుంటారా ఎక్కడైనా?" అని నవ్వాడు. టైలరమ్మ నవ్వలేదు.

సభ ఆ పొడుగాటి గదిలోనే జరిగింది. వార్డంతా వచ్చింది. వేదిక మీద పెద్ద ఆఫీసరు, శిక్షణ సారు, వాళ్ల మధ్య ప్లాస్టిక్ బొమ్మ. ముందు వరసలో అక్క, చెల్లెలు కుట్టిన నీలం గౌనులో, చెప్పు బదులు కాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంది. ఎనిమిది అంశాలు చప్పట్లతో గడిచాయి. ఆఫీసరు తొమ్మిదోది చదివి, జవాబు కోసం ఆగకుండా పదోదానికి వెళ్లబోయాడు.

"నాకు అభ్యంతరం ఉందండీ" అంది టైలరమ్మ.

ఆమె టేపు తీసి, వేళ్లు రెండు లోపల పెట్టి చూపించింది. "ఇదీ నేను చేసింది. మీ అందరి నడుముల్లో నా వేళ్లున్నాయి. మీరు తగ్గిన రెండంగుళాలూ మీవి కావు, నావి."

జనం భగ్గుమన్నారు. మోసపోయినందుకు కాదు. "అయితే నా డెబ్బై మార్కులు తీసేస్తారా?" అని బేకరీ ఆయన గుండె పట్టుకున్నాడు. "ఇన్నాళ్లు ఊరికే నడిచామా?" అని ఒకరు, "నాకు మోకాళ్ల నొప్పి తగ్గింది, అది కూడా వెనక్కి తీసుకుంటారా?" అని ఇంకొకరు. ఆఫీసరు పతకాన్ని మెల్లగా డబ్బాలో పెట్టేశాడు.

"ఇంకా ఉంది" అంది టైలరమ్మ. "అందరికీ కలిపాను. ఒక్కరికి మాత్రం ఆరంగుళాలు తీసేశాను. ఆ మనిషికి పరీక్ష జరగాలి. దానికోసమే నేను లేచింది." పేరు మాత్రం ఆమె నోటికి రాలేదు. ఇరవై ఏళ్ల ముచ్చటను ఇంతమందిలో ఎలా విప్పుతుంది?

అక్క లేచింది. కుంటుకుంటూ వేదిక ఎక్కి, బొమ్మను పక్కకు జరిపి, చెల్లెలి ముందు చేతులెత్తి నిలబడింది.

"కొలవవే" అంది.

టైలరమ్మ టేపు చుట్టింది. వేళ్లు అలవాటుగా లోపలికి పోబోతే బలవంతాన బయటికి లాక్కుంది. అంకె చూసింది. జీవితంలో మొదటిసారి దాన్ని ఉన్నదున్నట్టు చదివింది. "ముప్ఫై ఎనిమిది."

"నాకు తెలీదనుకున్నావే?" అంది అక్క, పక్కనున్న బొమ్మకు కూడా వినపడనంత మెల్లగా. "ముప్ఫై రెండు గౌను నాకెలా పడుతుంది? మిషను దగ్గర నువ్వు అబద్ధం చెబుతుంటే ముద్దుగా ఉండేది. సర్వే పుస్తకంలో మాత్రం నిజమే రాసుంటావనుకున్నా. కాలు మానకపోయినా, నా చెల్లెలు యాభై వేసింది కదా, నాకేం కాదులే అని కూర్చున్నా."

టైలరమ్మ అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. శిక్షణ సారు రిజిస్టరులో యాభై కొట్టేసి అరవై రాసి, సంతకం పెట్టి, ఇప్పుడు అధికారం వచ్చింది గనక అక్కడికక్కడే అక్క వేలికి సూది గుచ్చాడు. షుగరు మిషను మూడు వందల పన్నెండు చూపించింది. వార్డులో పెద్దల లెక్క కూడా అంతేనని ఆయన ఆశ్చర్యపోతూ ఉంటే, పెద్ద ఆఫీసరు తన జీపులోనే అక్కను ఆస్పత్రికి పంపించాడు.

కాలి వేలు దక్కింది. ఇంకో రెండు వారాలు ఆలస్యమై ఉంటే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు.

టైలరమ్మ ఉద్యోగం పోలేదు గానీ, మళ్లీ మొదటినుంచీ శిక్షణ తీసుకోమన్నారు. రెండో రోజు బొమ్మ ముందు నిలబడి, వేళ్లు మడిచిపెట్టుకుని, జాగ్రత్తగా కొలిచింది. ఎనభై ఆరు వచ్చింది. సారు అడుగున తన సంతకం ఉన్న 91 చూసుకుని, విచారంగా తప్పు కొట్టాడు. ఆమె పరీక్ష పోయింది. "వచ్చే నెల మళ్లీ రండి" అన్నాడు, మేడమ్ అనకుండా. ఆమె అలాగే సార్ అని మెట్లు దిగింది, ఐదు కావస్తోందని పరుగులాంటి నడక నడిచింది.

బోర్డు పీకేసినా, ఆర్డరు రద్దయినా వీధిలో జనం నడవడం మానలేదు. బేకరీ ఆయన ప్యాంటుకు బెల్టు పెట్టాడు. పుండు పూర్తిగా మానిందని డాక్టరు చెప్పిన రోజు నుంచి అక్క కూడా మెత్తటి బూట్లు వేసుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకుని దిగింది. ఎడమ పక్క నడవమని ఇప్పుడు అందరూ ఆమెకే చెబుతున్నారు.

నాలుగు నెలల తర్వాత అక్క కొత్త గౌను గుడ్డ తెచ్చి కిటికీ పక్కన చేతులెత్తి నిలబడింది. టైలరమ్మ టేపు చుట్టి పుస్తకం తెరిచింది. ముప్ఫై ఆరున్నర.

"ఎంత?" అంది అక్క.

"ముప్ఫై ఆరున్నర."

"సరిగ్గా చూడవే."

టైలరమ్మ మళ్లీ చూసింది, రెండు చేతులూ అక్కకు కనపడేలా పెట్టి. "ముప్ఫై ఆరున్నరే అక్కా."

"అయితే అదే రాయి" అంది అక్క. పెన్ను కదిలి ఆగేదాకా పుస్తకంలోకి తొంగిచూస్తూనే ఉంది.